తాతగారి పెట్టెలో దొరికిన 'జపాన్ రూపాయలు': బర్మా యుద్ధకాలపు నోట్ల గురించి

ముందు మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ రాస్తున్నా, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కదా. శ్రీకాకుళం దగ్గర మీ ఊళ్లో తాతగారి రేకు పెట్టెలో ఒక నోట్ల కట్ట దొరికింది. వాటి మీద ఇంగ్లీషులో 'ది జపనీస్ గవర్నమెంట్' అని ఉంది, విలువ మాత్రం రూపాయల్లో ఉంది. పది రూపాయలవి ఎక్కువ, ఐదువి కొన్ని, నూరు రూపాయలవి రెండు. ఏ నోటు మీదా నంబరు లేదు, సంతకం లేదు, సంవత్సరం లేదు. తాతగారు రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసి 1942లో కాలినడకన వచ్చేశారని ఇంట్లో చెప్పుకుంటారు. ఎవరో ఫోన్‌లో మీతో మాట్లాడి ఇవి లక్షలు పలుకుతాయని, ముందు కమిషన్ కట్టమని అన్నాడు. ఇవి అసలువేనా, ఎంత వస్తుంది, అమ్మాలా ఉంచుకోవాలా అని మీ ప్రశ్న.

ఆ కమిషన్ మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టకండి. పాత నోట్లు కొనే పేరుతో ముందే ఫీజు, టాక్స్, రిజిస్ట్రేషన్ అని అడిగేవాళ్లందరూ మోసగాళ్లే. రిజర్వ్ బ్యాంకు పేరు, లోగో వాడుకుని కూడా ఇదే ఆట ఆడుతున్నారు కాబట్టి, తమకు ఇలాంటి కొనుగోళ్లతో సంబంధం లేదని, ఎవరికీ ఇలా కమిషన్ వసూలు చేసే అధికారం ఇవ్వలేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. నిజంగా కొనేవాడు నోటు చూసి మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు. ఆ నంబరు బ్లాక్ చేసేయండి, టెన్షన్ పడకండి.

ఇక నోట్ల సంగతి. ఫొటోల్లో కనిపించినంత వరకు ఇవి అసలువే. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం బర్మాని ఆక్రమించినప్పుడు అక్కడ చెలామణీలోకి తెచ్చిన నోట్లు ఇవి. జపాన్ వీటిని యుద్ధం మొదలవ్వక ముందే సిద్ధం చేయించుకుంది, అంటే ఏ దేశంలోకి వెళితే ఆ దేశపు లెక్కలో వాడుకునేట్టు. మలయాకి డాలర్లు, ఫిలిప్పీన్స్‌కి పెసోలు, బర్మాకి రూపాయలు. ఏ నోటు ఎక్కడిదో తెలియాలంటే దాని మీద ఎర్రగా అచ్చైన అక్షరాలు చూడాలి. మొదటి అక్షరం బీ అయితే బర్మా, ఎం అయితే మలయా, పీ అయితే ఫిలిప్పీన్స్. మీ పది రూపాయల నోట్ల మీద రెండు చోట్లా బీతో మొదలయ్యే జంట అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. కుడివైపు కనిపించే గుడి బర్మాలోని పగాన్ ఊళ్లో ఉన్న ఆనంద ఆలయం. ఆ ఎర్రటి చదరపు ముద్ర జపాన్ ఆర్థిక మంత్రిది.

బర్మా నోట్లు మొత్తం తొమ్మిది విలువల్లో వచ్చాయి. 1, 5, 10 సెంట్లు, పావలా, అర్ధరూపాయి, రూపాయి, ఐదు, పది 1942 నాటివి, నూరు రూపాయలది 1944 నాటిది. సేకరణ చేసేవాళ్లు వీటిని పిక్ నంబర్లతో, అంటే ప్రపంచ నోట్ల కేటలాగ్‌లోని నంబర్లతో గుర్తు పెట్టుకుంటారు, 9 నుంచి 17 వరకు. అప్పటిదాకా బర్మాలో కూడా మనలాగే రూపాయికి 16 అణాలు లెక్క. అణాలు, పైసలతో బతికినవాళ్ల చేతిలో హఠాత్తుగా సెంట్ల కాగితాలు పెట్టారు. చిల్లర నాణేలు కూడా కొట్టకుండా ఒక సెంటుకి కూడా కాగితమే ఇచ్చారంటే ఆ పాలన ఎలాంటిదో ఆలోచించండి. నాకైతే ఆ చిన్న సెంట్ల నోట్లు చూస్తేనే మనసు చివుక్కుమంటుంది. వీటి వెనక బంగారం లేదు, వెండి లేదు. పాత రూపాయితో సమానమని హుకుం జారీ చేసి అచ్చు వేసుకుంటూ పోయారు. 1943 ఏప్రిల్ నుంచి ఈ నోట్ల జారీ పని సదరన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అనే జపాన్ సంస్థ చేతికి వెళ్లింది, కానీ నోటు రూపం మారలేదు. యుద్ధం ముదిరేకొద్దీ ధరలు ఆకాశానికి పోయాయి, అందుకే 1944లో నూరు రూపాయల నోటు కావాల్సి వచ్చింది. 1945 మేలో బ్రిటిష్ సైన్యం తిరిగి రంగూన్ చేరేసరికి ఇవి వట్టి కాగితాలు. బ్రిటిష్ వాళ్లు వీటిని గుర్తించలేదు, మార్చి ఇవ్వలేదు. మూడేళ్లు ఈ నోట్లలో జీతం తీసుకున్నవాడు, ధాన్యం అమ్ముకున్నవాడు, అందరూ ఒక్కసారిగా చేతులు ఖాళీ చేసుకున్నారు.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, నా దృష్టిలో మీ పెట్టెలో ఉన్న అసలు సంగతి ఇదే. మీ తాతగారు 1942లో నడిచి వచ్చేశారని అన్నారు కదా. రంగూన్ మీద మొదటి బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. 1942 మార్చి 8 నాటికి నగరం జపాన్ చేతిలో ఉంది. మన వాళ్లు అరకాన్ వైపు తౌంగుప్ దారిలోనో, ఉత్తరాన తము మీదుగా మణిపూర్‌లోకో లక్షల్లో నడిచి వచ్చింది ఆ కొద్ది నెలల్లోనే, జపాన్ సైన్యం కంటే ముందుగా పారిపోతూ. అలా వచ్చినవాళ్ల నడుముకి కట్టుకున్న డబ్బు రిజర్వ్ బ్యాంకు బర్మా కోసం అచ్చు వేసిన నోట్లు, లేదా మామూలు భారతదేశం నోట్లు, వెండి రూపాయలు. జపాన్ నోట్లు అయ్యే అవకాశం చాలా తక్కువ. ఇక ఆ నూరు రూపాయల నోట్లు రెండూ చూస్తే అసలు అవకాశమే లేదు, ఎందుకంటే 1942లో ఆ నోటే పుట్టలేదు.

అంటే మీ ఇంట్లో చెప్పుకునే కథలో ఏదో ఒక ముక్క జారిపోయింది. తాతగారు రాకుండా యుద్ధం అంతా అక్కడే ఉండి 1945 తర్వాత వచ్చి ఉండొచ్చు. అందరూ వచ్చేశారని మనం అనుకుంటాం గానీ చాలామంది దారి సాగక, భార్యాపిల్లల్ని వదల్లేక, అక్కడే ఉండిపోయారు. లేదా 1942లో వచ్చి, యుద్ధం అయ్యాక మళ్లీ రంగూన్ వెళ్లి, అక్కడ చెల్లకుండా పడి ఉన్న నోట్లు దాచుకుని ఉండొచ్చు, అలా మళ్లీ వెళ్లినవాళ్లు బోలెడుమంది. లేదా ఇవి తాతగారివే కాకపోవచ్చు, బర్మాలో పోరాడిన సైన్యంలో ఉన్న బంధువు ఎవరైనా గుర్తుగా తెచ్చి ఇచ్చి ఉండొచ్చు. సైనికులు వీటిని కట్టలు కట్టలుగా ఇంటికి తెచ్చుకున్నారు, ప్రపంచమంతా ఇప్పటికీ మడత పడని నోట్లు దొరకడానికి అదో కారణం. ఇంకో దారి కూడా ఉంది. 1962లో సైన్యాధిపతి నే విన్ బర్మాలో అధికారంలోకి వచ్చి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక, 1964 మేలో 50, 100 క్యాట్ (బర్మా కరెన్సీ) నోట్లు రద్దు చేశాక, మన వాళ్లు ఓడల మీద విశాఖపట్నం, మద్రాసు వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు ఆ వచ్చినవాళ్లదే. మీ నానమ్మ వైపు వాళ్లలో అప్పుడు వచ్చినవాళ్లు ఉన్నారేమో కనుక్కోండి.

నోట్ల స్థితి కూడా కొంత చెబుతుంది. ఫొటోలో మీ ఐదు రూపాయల నోట్లు బాగా నలిగాయి, మధ్యలో నిలువు మడత దగ్గర చిరుగులు, అంచులు మెత్తబడ్డాయి. అవి చేతులు మారిన నోట్లు, ఎవరో సంతలో వాడినవి. పది రూపాయలవి మాత్రం పెళపెళలాడుతూ, మడత లేకుండా, ఒకే అక్షరాలతో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అవి కట్టలోంచి తీసి నేరుగా పెట్టెలోకి వెళ్లినవి. జీతం డబ్బు అలా ఉండదు. 1945లో జపాన్ వాళ్లు వెళ్లిపోయినప్పుడు రంగూన్ వీధుల్లో ఈ నోట్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, ఎవరైనా ఏరుకోవచ్చు. కాబట్టి నలిగినవి ఒకరివి, కొత్తవి ఇంకొకరివి, లేదా ఒకరివే అయినా రెండు వేరు వేరు సమయాల్లో వచ్చినవి అని నా అంచనా. అందుకే రెండిటినీ కలిపేయకుండా, పెట్టెలో ఏ వరుసలో ఉన్నాయో అలాగే విడివిడిగా పెట్టండి, దేనితో పాటు ఏ కాగితం ఉందో రాసుకోండి.

ధర విషయం సూటిగా చెప్తా. బర్మా పది రూపాయల నోటు మడత పడకుండా ఉన్నా చవకే, నలిగినదైతే ఇంకా తక్కువ. నూరు రూపాయలది కూడా ఆకాశంలో ఏమీ లేదు. కోట్లలో అచ్చయి, తర్వాత ఎవరూ వెనక్కి తీసుకోని నోట్లు కాబట్టి ఇంకా చాలా మిగిలాయి. 'జపాన్ నోటు, అరుదైనది, 50 వేలు' అని ఆన్‌లైన్‌లో పెట్టేవాడు ఆ ధర అడుగుతున్నాడంతే, ఎవరూ ఇవ్వడం లేదు. ఎప్పుడూ అమ్ముడైన ధర చూడండి, అడిగిన ధర కాదు.

అయితే ఇదే సేకరణ మొదలుపెట్టడానికి మంచి కారణం అంటాను నేను. తక్కువ డబ్బుతో మొత్తం తొమ్మిది విలువలూ చేర్చుకోవచ్చు, ఆ తర్వాత లోతుకి వెళ్లొచ్చు. ఒకే విలువలో ఎర్ర అక్షరాలు మారుతూ ఉంటాయి, చిన్న నోట్లలో అవి భిన్నం రాసినట్టు గీత పెట్టి కూడా వస్తాయి. కొన్ని నోట్ల కాగితంలో పూల ఆకారం నీటిగుర్తు ఉంటుంది, వెలుతురుకి అడ్డంగా పెడితే తెలుస్తుంది, తర్వాతి అచ్చుల్లో ఉండదు. నూరు రూపాయల నోటులో కొన్నిటికి కాగితంలోనే సన్నటి పట్టు పోగులు ఉంటాయి, భూతద్దంతో మీ రెండిటినీ చూడండి. ఒకటి చెక్కిన పలకతో అచ్చైంది, ఇంకోటి రాతి అచ్చు అయితే గీతల పదునులోనే తేడా కనబడుతుంది.

కానీ నన్నడిగితే జపాన్ నోట్ల దగ్గరే ఆగిపోకండి. బర్మా 1937 నుంచి 1947 వరకు వాడిన కాగితం డబ్బు మొత్తం ఒక ఆల్బంలో వరుసగా పెడితే, మన వాళ్లు అక్కడ ఏ ఏ ప్రభుత్వాల కింద బతికారో పేజీ తిప్పుతుంటే కనబడుతుంది. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి వేరైంది, కానీ నోట్లు ఇచ్చే పని రిజర్వ్ బ్యాంకుదే. మొదట్లో మన నోట్ల మీదే 'లీగల్ టెండర్ ఇన్ బర్మా ఓన్లీ' అని అచ్చు వేసి ఇచ్చారు. 1938 నుంచి బ్రిటన్ రాజు జార్జి 6 బొమ్మతో బర్మాకి ప్రత్యేకంగా నోట్లు వచ్చాయి, పదివేల రూపాయల నోటు దాకా. తర్వాత జపాన్ నోట్లు. 1943 ఆగస్టు 1న జపాన్ 'స్వాతంత్ర్యం' ఇచ్చాక బా మా అనే బర్మా నాయకుడి ప్రభుత్వం స్టేట్ బ్యాంకు పేరుతో 1944లో క్యాట్ నోట్లు తెచ్చింది. 1945లో బ్రిటిష్ వాళ్లు తిరిగొచ్చి మళ్లీ మన రిజర్వ్ బ్యాంకు నోట్ల మీద 'మిలిటరీ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ బర్మా' అని అచ్చు వేశారు, 1947లో 'బర్మా కరెన్సీ బోర్డ్' అని వేశారు. పదేళ్లలో ఇన్ని. రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే ఉన్న రోజులు అవి, రేవులో బస్తాలు మోసినవాళ్లలో, రిక్షా లాగినవాళ్లలో, మిల్లుల్లో పనిచేసినవాళ్లలో తెలుగువాళ్లే ముందు. అక్కడివాళ్లు మనల్ని కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీదే. ఈ నోట్లన్నీ మన వాళ్ల చేతుల్లోంచి వెళ్లినవే, అందుకే ఈ వరుస ఒక తెలుగు ఇంట్లో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. జపాన్ నోట్లు చవక కాబట్టి వాటికి నకిలీ తక్కువ, కానీ రిజర్వ్ బ్యాంకు నోట్ల మీద బర్మా కోసం మళ్లీ అచ్చు వేసిన నోట్లలో (వీటినే ఓవర్‌ప్రింట్ నోట్లు అంటారు) మాత్రం మోసం ఎక్కువ. మామూలు జార్జి 6 నోటు తీసుకుని దాని మీద కొత్తగా 'మిలిటరీ అడ్మినిస్ట్రేషన్' అని వేసేస్తే ధర అమాంతం పెరుగుతుంది. భూతద్దంలో చూడండి. రబ్బరు స్టాంపు అయితే సిరా అక్షరాల అంచున గుంపుకడుతుంది, మధ్యలో పలచబడుతుంది. కంప్యూటర్ ప్రింటు అయితే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. మడత మీద అచ్చు పడిన చోట సిరా మడతతో పాటు అరిగిందా, లేక విరిగిన పీచులోకి ఇంకిందా చూడాలి. నోటు నలిగాక సిరా వేస్తే అది పీచులోకి దిగుతుంది, దాన్ని దాచడం ఎవరివల్లా కాదు. అన్నిటికంటే ముఖ్యం, నోటు నంబరు ముందున్న అక్షరాలు బర్మాకి పంపిన వరుసల్లో ఉన్నాయో లేదో కేటలాగ్‌లో సరిచూడండి. ఇది చూడకుండా ఓవర్‌ప్రింట్ నోటు కొనకండి, అమ్మేవాడు ఎంత మంచివాడైనా సరే. జపాన్ నోట్లలో అనుమానం ఉంటే అతినీలలోహిత టార్చి వేయండి. ఆనాటి కాగితం మెరవదు, ఈమధ్య తయారైన తెల్ల కాగితం నీలంగా వెలుగుతుంది. 'స్పెసిమెన్' (నమూనా) అని ఎర్ర ముద్ర ఉన్న జపాన్ నోట్లు కూడా అమ్ముతుంటారు, అసలువి ఉన్నాయి గానీ మామూలు నోటు మీద ముద్ర కొట్టినవే ఎక్కువ చూశాను.

ఇంకోటి. ఈ నోట్లని 'నేతాజీ నోట్లు', 'ఆజాద్ హింద్ నోట్లు' అని పెంచి అమ్ముతున్నారు. అది తప్పు. ఆజాద్ హింద్ బ్యాంకు 1944 ఏప్రిల్‌లో రంగూన్‌లోనే మొదలైంది, అక్కడి భారతీయులు విరాళాలు కుమ్మరించారు, అందులో మన వాళ్లూ ఉన్నారు. కానీ జపాన్ ప్రభుత్వం పేరున్న ఈ నోట్లు ఆ బ్యాంకువి కావు. ఆజాద్ హింద్ బ్యాంకు పేరుతో రంగురంగుల కాగితాలు మార్కెట్లో తిరుగుతున్నాయి, వాటిలో చాలావరకు ఈమధ్య పుట్టినవే, నిపుణుడి చేత చూపించకుండా డబ్బు పెట్టొద్దు. ఒకవేళ మీ పెట్టెలో విరాళం రసీదు లాంటిది ఏదైనా దొరికితే, దాన్ని ఎవరికీ ఇచ్చేయకండి, ముందు రెండువైపులా స్కాన్ చేయండి. అది ఈ నోట్లన్నిటికంటే విలువైన కాగితం.

దాచడం గురించి రెండు ముక్కలు. లామినేషన్ చేయించకండి, అతికించకండి, కడగకండి, ఇస్త్రీ చేయకండి. చిరిగినచోట సెలోటేపు వేస్తే కొన్నేళ్లకి గోధుమరంగు మరక పడుతుంది, అది పోదు. బజార్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, అవి కాలక్రమేణా జిగురు వదిలి నోటుని పాడుచేస్తాయి. పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు అడిగి తీసుకోండి. మీది సముద్రం దగ్గరి ఊరు కాబట్టి తేమే పెద్ద శత్రువు. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో మార్చండి. రేకు పెట్టెలో మళ్లీ పెట్టొద్దు, తుప్పు అంటుకుంటే అంతే. కలరా ఉండలు నోట్లకి తగిలేలా వేయొద్దు.

అమ్మాలా అంటే, ఈ కట్ట అమ్మితే ఇంట్లో అందరికీ ఒక పూట హోటల్ భోజనం ఖర్చు వస్తుందేమో. మీకు మరీ అవసరం ఉంటే ఒకేలా ఉన్న పది రూపాయల నోట్లలో కొన్ని అమ్మి, ఆ డబ్బుతో మీ దగ్గర లేని సెంట్లు, పావలా, అర్ధరూపాయి కొనుక్కోండి. నలిగిన ఐదు రూపాయలవి మాత్రం అమ్మకండి. డీలరుకి అవి చెత్త, మీ ఇంటికి అవే ముఖ్యం. హైదరాబాద్‌లో, విశాఖలో నాణేల సంఘాలు పెట్టే ప్రదర్శనలకి ఒకసారి వెళ్లండి, అక్కడ నాలుగు టేబుళ్లు తిరిగితే అసలు ధర మీకే తెలుస్తుంది, మాట్లాడటానికి తెలిసినవాళ్లూ దొరుకుతారు.

ఈ లోపు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నా కూర్చోబెట్టి అడగండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. 'తాతయ్య ఎప్పుడొచ్చారు' అని అడిగితే మళ్లీ 1942 అనే చెబుతారు, కాబట్టి వేరేలా అడగండి. వచ్చేటప్పటికి మీ నాన్నగారి వయసెంత, ఓడలో వచ్చారా నడిచి వచ్చారా, దారిలో ఎవరైనా పోయారా, రంగూన్‌లో ఇల్లు ఏ వీధిలో, తాతయ్య తమ్ముళ్లలో మిలిటరీలో చేరినవాళ్లు ఉన్నారా. పిల్లల పుట్టిన సంవత్సరాలు, ఎవరు ఎక్కడ పుట్టారో రాసుకుంటే తాతగారు బర్మాలో ఏ ఏ ఏళ్లు ఉన్నారో దాదాపు తేలిపోతుంది. పెట్టె అడుగున కాగితాలు ఉంటే పాస్‌పోర్టు, ఓడ టికెట్టు, రిజిస్ట్రేషన్ పుస్తకం లాంటివి వెతకండి. ఆ నూరు రూపాయల నోట్లు రెండిటి మీద ఎర్ర అక్షరాలేమిటో, కాగితంలో పోగులు ఉన్నాయో లేదో చూసి ఇక్కడే రాయండి, వెలుతురుకి అడ్డంగా పెట్టి తీసిన ఫొటో కూడా పెడితే ఏ అచ్చో చెప్తాను.